తెలుగు చెప్పడానికి తెలుగు వస్తే చాలునా?

బి.ఎడ్. ప్రవేశాల ఋతువు వచ్చిందంటే మడకశిరలో నా వంటి విశ్రాంత ఉపాధ్యాయుల ఇండ్లకు రాకపోకలు పెరుగుతాయి. "ఎక్కడ చేరాలి సార్?" అని కొందరు, "ఎంతవుతుంది సార్?" అని మరికొందరు. ఈ మధ్య మూడవ ప్రశ్న ఒకటి వీటిని వెనక్కు నెట్టి ముందుకు వచ్చింది. "కాలేజీకి పోకుండా చేయొచ్చునా సార్?" మొదటి రెండింటికి జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మూడవదానికి ఈ టపా అవసరమైంది.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు సోమరులు కారు. ఈ ఏడాది వచ్చిన వారిలో ఎం.ఏ. తెలుగు మంచి మార్కులతో పూర్తిచేసిన ఒక అమ్మాయి ఉన్నది. ఇక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నది. ఎక్కడిదో ఒక విద్యాసంస్థ తరఫున ఊరూరా తిరిగే మధ్యవర్తి వాళ్లింటికి వెళ్లి లెక్క చెప్పాడట. ఒకే మొత్తంలో రుసుము, హాజరు, రికార్డులు, బోధనాభ్యాసపు ధ్రువపత్రం, అన్నీ కలిపి. "పరీక్షలకు పోతే చాలంట సార్, రికార్డులు కూడా వాళ్లే రాయిస్తారంట" అని ఆమె అన్నది. ఆమె తండ్రి మాట ఇంకా సూటిగా ఉన్నది. "రెండేండ్లు హాస్టల్లో పెట్టి చదివించేంత శక్తి నాకు లేదు సార్. ఈడనే బడిలో చెప్పుకుంటా ఉంటే నెలకు ఇంత వస్తాది కదా." వేరుశనగ మీద బతికే ఇంట్లో, వాన రాని ఏడాది తరువాత వాన రాని ఏడాది వచ్చే నేలలో, ఈ మాటకు నీతిబోధతో జవాబు చెప్పడం అన్యాయం. అందువల్ల నీతి సంగతి పక్కన పెడుతున్నాను. ఆ బేరంలో ఆ అమ్మాయి కొంటున్నది ఏమిటి, పోగొట్టుకుంటున్నది ఏమిటి, ఆమె రేపు చదువు చెప్పబోయే పిల్లలు పోగొట్టుకుంటున్నది ఏమిటి అన్నంతవరకే నా ప్రస్తావన.

ఈ బేరం కొత్తది కాదు, రహస్యమూ కాదు. ఉపాధ్యాయ విద్య మీద సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే దీన్ని గురించి చెప్పింది. దేశంలో విడివిడిగా నడిచే పదివేలకు పైగా శిక్షణసంస్థలలో అత్యధికం గంభీరంగా చదువు చెప్పే ప్రయత్నమే చేయడం లేదనీ, పట్టాలను వెలకట్టి అమ్ముతున్నాయనీ ఆ కమిషన్ పేరు చెప్పి 2020 నాటి జాతీయ విద్యావిధానమే ఒప్పుకొన్నది. ప్రభుత్వపత్రంలో ఇంత కటువైన వాక్యం అరుదుగా కనిపిస్తుంది. ఆ కమిషన్ తరువాత ఎన్‌సీటీఈ 2014లో నిబంధనలు మార్చి బి.ఎడ్.ను ఏడాది నుండి రెండేండ్లకు పెంచింది. అందులో ఇరవై వారాలు బడులలో గడపాలన్నది. కాగితం మీద ఇది మంచి మార్పు. కాని పోకుండా చేసే చదువుకు ఏడాదైతేనేమి, రెండేండ్లయితేనేమి? గైర్హాజరు కాలాన్ని రెట్టింపు చేసినట్లయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. గణితం చెప్పేవాడికి, భౌతికశాస్త్రం చెప్పేవాడికి శిక్షణ ఎందుకో జనానికి తెలుసు. తెలుగు దగ్గరికి వచ్చేసరికి "తెలుగే కదా, చెప్పడానికి ఏముంది?" అంటారు. ఈ మాట నేను ప్రధానోపాధ్యాయుల నోట విన్నాను, తల్లిదండ్రుల నోట విన్నాను, బాధాకరమైన సంగతి ఏమంటే తెలుగు పండితుల నోటా విన్నాను. పూర్వం పండితుడికి జీతం తక్కువ, గౌరవం మాటల్లో ఎక్కువ. తొమ్మిది, పది తరగతులకు పాఠం చెబుతూ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి వేతనశ్రేణిలో పదవీ విరమణ చేసిన రెండవ శ్రేణి పండితులు ఎందరో. ఆ పోస్టులను స్కూల్ అసిస్టెంట్లుగా ఉన్నతీకరించడానికి దశాబ్దాల పోరాటం కావలసివచ్చింది. "ఏముంది చెప్పడానికి" అనే చులకన కూడా ఆ వేతనశ్రేణిలో ఒక భాగమేనని నా అనుమానం.

మా తరం పండితుల తయారీ రెండంచెలుగా జరిగేది. మొదట ప్రాచ్యకళాశాలలో భాషాప్రవీణో, విద్వానో. కావ్యాలు, బాలవ్యాకరణం, ఛందస్సు, అలంకారశాస్త్రం. ఆ తరువాత ఏడాదిపాటు పండిత శిక్షణ. మొదటి అంచె బరువైనది, రెండవది పలుచనిది. ఈ నేలమీదనే దానికి గొప్ప సాక్ష్యం ఉన్నది. చియ్యేడులో 1914లో పుట్టి పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు చిన్నతనంలోనే 'పెనుగొండలక్ష్మి' రచించారు. ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్ననాడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఎదురైందని ప్రసిద్ధి. తన పుస్తకం మీద తానే పరీక్ష రాయడం! ఆ కథను మా ప్రాంతంలో గర్వంగా చెప్పుకుంటారు, నేనూ చెబుతాను. కాని దానిలో ఇంకొక సంగతి కూడా ఉన్నది. కవిగా నిగ్గుతేలిన మనిషికైనా బడిలో కొలువుకు పట్టా అడిగారు. ఆ పట్టా కోసం ఆయనను పరీక్షించినది మాత్రం కావ్యజ్ఞానంలోనే. ఆరవ తరగతి కుర్రవాడికి ఒత్తులు పలకకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్న ఆ పరీక్షాపత్రాలలో ఎక్కడుంటుంది?

పండిత శిక్షణ ఏడాదిలో మాకు నేర్పినది హెర్బార్ట్ పేరుతో చెలామణీ అయిన అయిదు సోపానాలు. సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. పాఠ్యపథకం ఎడమవైపు ఉపాధ్యాయకృత్యం, కుడివైపు విద్యార్థికృత్యం, రెండు రంగుల సిరాలు, అట్టముక్కల మీద బోధనోపకరణాలు. పద్యపాఠానికి ఒక క్రమం, గద్యానికి ఒకటి, వ్యాకరణానికి ఒకటి. పైకి యాంత్రికంగా కనిపించినా దానిలో ఒక మేలు ఉండేది. ఒక అనుభవజ్ఞుడు తరగతి వెనుక బల్లమీద కూర్చుని, మన పాఠం ఆసాంతం విని, "నువ్వు పద్యం పాడినావు, పిల్లలు విన్నారు, బాగుంది. చదివినది ఎవరు?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న ఏ మార్గదర్శినిలోనూ దొరకదు. అది వెనుక బల్లమీద మాత్రమే దొరుకుతుంది. మధ్యవర్తి ప్యాకేజీలో రికార్డులుంటాయి, ఆ వెనుక బల్ల ఉండదు.

మడకశిర సంగతి చెబితే గాని నా ఉద్దేశం పూర్తిగా తెలియదు. 2022 ఏప్రిల్ 4 నుండి మేము శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాము, అంతకుముందు అనంతపురం జిల్లా. మూడు దిక్కులా కర్ణాటకే. అమరాపురం, అగళి, రొళ్ల, గుడిబండ మండలాలలో ఎన్నో ఊళ్లలో ఇంటిభాష కన్నడం. ప్రభుత్వమే అక్కడ కన్నడ మాధ్యమం బడులు నడుపుతున్నది. అమరాపురం మండలంలోని హేమావతి, పాతపేరు హెంజేరు, నొళంబుల రాజధాని. అక్కడి శాసనాలు కన్నడంలో ఉన్నాయి. అంటే ఇది నిన్నమొన్నటి వలస వ్యవహారం కాదు, వెయ్యేండ్ల కాపురం. అక్కడి నుండి ఉన్నతపాఠశాలకు వచ్చే పిల్లవాడికి తెలుగు మాతృభాష కాదు, పొరుగింటి భాష. పొరుగింటి భాషను మాతృభాష లాగా చెబితే ఏమవుతుంది?

ఉదాహరణలు ఇస్తాను, ఇవి నా తరగతిగదిలో దొరికినవి. "అచ్చులు, హల్లులు" అని నల్లబల్ల మీద రాశాను. ముందువరుసలోని ఒక పిల్లవాడు నోరు తెరిచి పండ్లు చూపించాడు. అల్లరి కాదు. కన్నడంలో హల్లు అంటే పన్ను. "ఊట" అన్న మాట పాఠంలో వస్తే, చెలమలోని ఊట కాస్తా వాళ్లకు మధ్యాహ్నభోజనం అయింది. ఇవి నవ్వుకుని వదిలేసేవి. వదిలేయరానివి ఉన్నాయి. కన్నడంలో అమ్మ వస్తే "బందళు", ఆవు వస్తే "బంతు". తెలుగులో అమ్మ వచ్చినా "వచ్చింది", ఆవు వచ్చినా "వచ్చింది". కన్నడపు ఇంటినుండి వచ్చిన పిల్లకు ఇది వ్యాకరణదోషం లాగానే కాదు, మర్యాదాలోపం లాగా తోస్తుంది. అమ్మను పశువుతో కలిపినట్లు. ఒక పిల్ల చాలా రోజులు "అమ్మ వచ్చింది" అని రాయకుండా ప్రతిచోటా "అమ్మగారు వచ్చినారు" అని రాసేది. తప్పు రాస్తున్నదని ఎర్రసిరా పెట్టే పండితుడు వేరు, ఎందుకు రాస్తున్నదో తెలిసిన పండితుడు వేరు. తెలుగులో మహద్వాచకం, అమహద్వాచకం అన్న విభజన పిల్లల బుర్రలకు ఎక్కని సూత్రంగా మనం తరతరాలుగా చెబుతూ వస్తున్నాము. ఈ సరిహద్దు పిల్లలకు అది ప్రాణంలేని సూత్రం కాదు, రోజూ తగిలే రాయి.

ఇక పకార హకారాల ముచ్చట. పాలు వారికి హాలు, పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు. పాతకన్నడంలోని మాట మొదటి పకారం కాలక్రమాన హకారంగా మారింది, తెలుగులో నిలిచింది. ఈ ఒక్క సూత్రం ఆరవ తరగతిలో మొదటి వారమే ఆటగా చెబితే పిల్లలకు ఒక్కసారిగా ఎన్నో తెలుగుమాటలు తమవైపోతాయి. వాళ్లే మాటలు వెతికి తెస్తారు. లిపి సంగతి కూడా అంతే. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు; విడిపోయి కొన్ని శతాబ్దాలే అయింది. తలకట్టు దగ్గర పిల్లలు తడబడతారు, అక్షరం దగ్గర కాదు. ఇదంతా తెలిసి బోధించడానికి పాండిత్యం ఒక్కటే చాలదు, శిశు మనోవిజ్ఞానపు మార్గదర్శిని ఒక్కటే చాలదు. ఈ రెండూ కలిసే చోటు ఒకటి ఉండాలి. విషయాన్ని బట్టి ఇచ్చే ఉపాధ్యాయ పట్టాకు ప్రయోజనం అదే.

అటువంటి చదువు దేశంలో లేదనడానికి వీలులేదు. మైసూరులో ప్రాంతీయ విద్యాకళాశాల 1963లో మొదలైనప్పటి నుండి విషయాన్నీ బోధననూ కలిపి నాలుగేండ్ల పట్టా ఇస్తున్నది. అదే మైసూరులో భారతీయ భాషాసంస్థకు చెందిన దక్షిణ ప్రాంతీయ భాషాకేంద్రం 1970ల నుండి వేరే రాష్ట్రాల ఉపాధ్యాయులకు తెలుగును పరభాషగా పది నెలలలో నేర్పుతూ వచ్చింది. పరభాషీయులకు తెలుగు నేర్పే పద్ధతి కావాలంటే మనం విదేశాలకు పోనక్కరలేదు, మైసూరు దాకా పోతే చాలు. ఆ అనుభవం మన పండిత శిక్షణలోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. తిరుపతిలో సంస్కృత విశ్వవిద్యాలయం శిక్షాశాస్త్రి పేరుతో సంస్కృతోపాధ్యాయులకు ప్రత్యేకంగా బి.ఎడ్. స్థాయి పట్టా ఇస్తున్నది. ఇంట మాట్లాడేవారు వేళ్లమీద లెక్కపెట్టదగిన భాషకు ఆ ఏర్పాటు ఉన్నది. తెలుగుకో? చాలాకాలం ఎడ్‌సెట్‌లో గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం, ఆంగ్లం అన్న విభాగాలే కనిపించేవి. తెలుగువాడికి వేరే ద్వారం, వేరే ప్రవేశపరీక్ష, ఏడాది శిక్షణ. ముందువాకిలి ఆంగ్లానికి, దొడ్డిదారి తెలుగుకు. (సంస్కృతం మీద నాకు ఈర్ష్య లేదు, నా అన్నం సగం దాని చలువే.)

ప్రైవేటు విశ్వవిద్యాలయం అన్నంత మాత్రాన తిట్టవలసిన పనిలేదు. మా జిల్లాలోనే ఒక సంస్థ ఉన్నది. 1981లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థ ప్రభుత్వానిది కాదు, చిన్నది, బోధన రుసుము లేనిది. అనంతపురంలోని మహిళల ప్రాంగణంలో ఆడపిల్లలకు బి.ఎడ్. చెప్పారు. అక్కడ ప్రాంగణంలోనే ఉండి చదవాలి. ఆ క్రమశిక్షణ అందరికీ నచ్చకపోవచ్చు, కాని పోకుండా చదవడం అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. ఇక్కడికి నూటయాభై కిలోమీటర్లకు అటూఇటూగా ఉన్న బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2010 నాటి కర్ణాటక చట్టంతో వచ్చినది, ప్రైవేటుదే. విజ్ఞానశాస్త్రాలను, గణితాన్ని బోధించబోయేవారికి విషయాన్నీ బోధననూ కలిపి నాలుగేండ్ల పట్టా ఏర్పరచింది. కాబట్టి దోషం ప్రైవేటు అన్న విశేషణంలో లేదు. తలుపు తెరచి ఉన్నదా, లోపల ఎవరైనా పాఠం చెబుతున్నారా అన్నదే ప్రశ్న. నాకున్న చింత మరొకటి. ఇటువంటి మంచి ప్రయత్నాలన్నీ గణిత, విజ్ఞానశాస్త్రాల దగ్గర మొదలై అక్కడే ఆగుతున్నాయి. డబ్బు పెట్టగల దాత ఎవరూ "నాలుగేండ్లు తెలుగు బోధన నేర్పుతాను" అని ముందుకు రాలేదు. 2023-24లో యాభైఏడు సంస్థలలో ప్రయోగాత్మకంగా మొదలైన కొత్త సమీకృత ఉపాధ్యాయ విద్యలోనైనా తెలుగుకు సరైన పీట వేస్తారేమో చూడాలి. వేయకపోతే 2030 నాటికి ఆ నాలుగేండ్ల పట్టాయే కనీసార్హత కావాలన్న విధానం తెలుగు పండితుడి జాతినే పలుచన చేస్తుంది.

"ఇదంతా సరే, ఉద్యోగం వచ్చేది పరీక్షలో మార్కులతో కదా సార్" అంటారు. నిజమే. 2018 తరువాత మన రాష్ట్రంలో నియామకాల దాకా వెళ్లిన డీఎస్సీ 2025లోనిదే. 16,347 పోస్టులు. ఎన్నేండ్ల నిరీక్షణ! కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు సమాధానాలలో ఒకటి గుర్తించే పరీక్షకు ఎనభై శాతం, టెట్ మార్కులకు ఇరవై శాతం. అభ్యర్థి ఒక్క నిమిషమైనా పిల్లల ముందు నిలబడడం ఎవరూ చూడరు. ఈ ఏర్పాటులో పోకుండా చదివినవాడికీ పోయి చదివినవాడికీ తేడా తెలియదు. మధ్యవర్తి వ్యాపారానికి పెట్టుబడి ఇదే. నియామక పరీక్షలో ఒక పాఠం చెప్పించి చూసినట్లయితే ఆ ప్యాకేజీ ధర మర్నాడే పడిపోతుంది. అంతమంది చేత పాఠం చెప్పించడం సాధ్యమా అంటారు. వ్రాతపరీక్షలో నెగ్గినవారి చేత మాత్రం చెప్పించవచ్చు. మండలానికి ఇద్దరు ముగ్గురు విశ్రాంత ఉపాధ్యాయులం ఉన్నాము, వెనుక బల్లమీద కూర్చోవడానికి ఎవరూ జీతం అడగరు.

తండ్రి చెప్పిన డబ్బు సంగతి దాటవేయను. ఆయన లెక్కలో పొరపాటు లేదు. రెండేండ్లు ఊరు విడిచిపోతే సంపాదన పోతుంది, ఖర్చు పెరుగుతుంది. దీనికి నాకు తోచిన ఉపాయం ఒకటే. బడులలో గడపవలసిన ఇరవై వారాలను అభ్యర్థి సొంత మండలంలోనే, ప్రభుత్వ బడిలోనే ఏర్పాటు చేసి, ఆ కాలానికి గౌరవవేతనం ఇవ్వాలి. వైద్యవిద్యలో ఇంటర్న్‌షిప్ చేసేవారికి భృతి ఇస్తున్నారు, ఇక్కడ ఎందుకు ఇవ్వరాదు? అమరాపురం అమ్మాయి అమరాపురం బడిలోనే శిక్షణ పొందితే ఆమెకు కన్నడం వచ్చు, తెలుగు వచ్చు, ఆ పిల్లల ఇండ్లు తెలుసు. విజయవాడ నుండి వచ్చిన బంగారుపతక విజేతకంటె ఆ తరగతిలో ఆమె అక్కరకు వస్తుంది. పోస్టు ఖాళీగా ఉన్న బడికి ఆ ఇరవై వారాలు కూడా ఊరటే.

ఇంగ్లీషు మాధ్యమం వచ్చిన తరువాత ఈ పని మరింత ముఖ్యమైంది. 2019లో ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసిందన్న మాట నిజమే గాని, బడులు మాత్రం అటే నడిచాయి. తెలుగు ఒక గంట పాఠంగా మిగిలిన చోటులు పెరిగాయి. ఆ ఒక్క గంటలో చదవడం రాకపోతే ఆ పిల్లవాడికి ఇంకెక్కడా రాదు, ఎందుకంటే మిగిలిన గంటలన్నీ అతనికి రాని మరొక భాషలో నడుస్తున్నాయి. ఇంట్లో కన్నడం, బడిలో ఇంగ్లీషు, మధ్య ఒక గంట తెలుగు. ఆ గంటను చేతపట్టిన మనిషి రికార్డులు ఎవరిచేతనో రాయించుకున్న మనిషి అయితే?

ప్రభుత్వం, ఎన్‌సీటీఈ తమ పని తాము చేసేదాకా ఊరకుండలేక నేనొక చిన్న పని పెట్టుకున్నాను. కన్నడపు ఇండ్లనుండి వచ్చే పిల్లలకు తెలుగు చెప్పే ఉపాధ్యాయులకోసం రెండు భాషలలోనూ ఉండి అర్థం మారే మాటలు, ఒకే మూలంనుండి వచ్చి రూపం మారిన మాటలు, వాక్యనిర్మాణంలో తడబడే చోటులు పట్టికగా రాస్తున్నాను. హకారంతో మొదలుపెట్టి ఇప్పుడు క్రియాపదాల దాకా వచ్చాను. బళ్లారి, కోలారు, పావగడలలో తెలుగు ఇండ్లనుండి కన్నడ బడికి పోయే పిల్లల ఇబ్బందులు దీనికి తిరగేసిన బొమ్మ అయి ఉండాలి. హోసూరులో తమిళంతో ఇదే కథ. అక్కడివారో, అక్కడ చదువుకున్నవారో మిత్రులలో ఉంటే, చిన్నప్పుడు తరగతిలో మీరు పలికి నలుగురూ నవ్విన మాట ఒక్కటైనా వ్యాఖ్యలో రాసి పంపండి. ఏ ఊరు, ఇంట్లో ఏ భాష, ఏ తరగతి అన్నది కూడా రాస్తే పట్టికలో దాని చోటు దానికి దొరుకుతుంది.